నిలబెట్టిన బండికి వారంటీ

షోరూమ్ నుంచి ఫోన్ వచ్చేసరికి దిల్షాద్ ఎవరిదో పట్టుచీరకు ఫాల్ కుడుతోంది. మిషన్ మీద నుంచి కాలు తీయకుండానే ఫోన్ ఎత్తింది. అవతలి అమ్మాయి గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. ఇంత తియ్యగా మాట్లాడేవాళ్ళు ఏదో ఒకటి అంటగట్టడానికే ఫోన్ చేస్తారని దిల్షాద్‌కు తెలియనిది కాదు. పెట్టేయబోతుంటే ఆ అమ్మాయి, "అక్రమ్ గారి కారు గురించి మేడమ్. ఈ నెలాఖరుకు వారంటీ అయిపోతోంది. పొడిగించుకుంటారేమోనని. సార్ ఉన్నారా?" అంది.

"లేరు" అనేసింది దిల్షాద్. ఆ మాటను అట్లా ఒంటరిగా వదిలేయడానికి భయమేసి, గబగబా "కువైటులో ఉండారు" అని చేర్చింది.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. కొన్నప్పటి నుంచి మూడేళ్ళ దాకా ఇంజనో గేరుబాక్సో పాడైతే కంపెనీవాళ్ళే ఊరికే బాగుచేసి ఇస్తారు. ఆ గడువు ముగిసేలోపు కొంత కడితే ఇంకో ఏడాదికో, రెండేళ్ళకో, మూడేళ్ళకో ఆ హామీ సాగుతుంది. గడువు దాటాక వచ్చి ఎంత బతిమాలినా కుదరదు. ఇంత చెప్పినా దిల్షాద్ మనసులో నాటుకున్నది మాత్రం ఒక్కటే, మూడేళ్ళయిందన్న సంగతి. కారు ఇంటికొచ్చి మూడేళ్ళయిందంటే, అక్రమ్ మళ్ళీ విమానమెక్కి కూడా మూడేళ్ళయినట్టే.

అక్రమ్ ఆమెకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుపు, పెళ్ళయినా అదే నిలిచింది. కువైటులో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు పని. పిల్లల్ని బడికి, అమ్మగారిని అంగళ్ళకు, ముసలాయన్ను ఆస్పత్రికి తిప్పుతాడు. జీవితమంతా ఇంకొకరి బండి నడిపిన మనిషికి తనదంటూ ఒకటి ఉండాలని ఉండదా? కిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెల్లటి కారు కొన్నాడు. కడప పాత బస్టాండు వెనక సందులో ఆటో మళ్ళడమే కష్టం. ఆ సందులోకి కొత్త కారు వస్తే ఊరుకుంటారా, వీధి వీధంతా బయటికొచ్చి, సైకిలు తొక్కడం రానివాళ్ళు కూడా స్టీరింగు ఎటు తిప్పాలో చెప్పారు.

మరునాడే కర్నూలు ప్రయాణం కట్టారు. దిల్షాద్ వాళ్ళమ్మ నబీసా ఉండేది అక్కడే. వీధిలో అందరూ చూస్తున్నారన్న సిగ్గుతో దిల్షాద్ వెనక తలుపు తీయబోయింది.

"వెనక కూర్చునేటోళ్ళను రోజూ మోస్తాండా. నా పక్కన కూర్చునేదానికి ఒక మనిషి కావాలనే గదా ఈ బండి కొనింది. ముందుకు రా మే" అన్నాడు అక్రమ్.

మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల. దారి పొడుగునా కనబడిన టీ అంగడి దగ్గరల్లా ఆపాడు. తొందరగా చేరడానికి కారు కొంటారు ఎవరైనా, ఈయన ఆలస్యంగా చేరడానికి కొన్నాడు. పొద్దు వాలాక ఇల్లు చేరితే, బస్సెక్కినా మధ్యాహ్నానికి వచ్చేవాళ్ళు కదా అని నబీసా మొత్తుకుంది. దిల్షాద్ నవ్వుతూనే ఉంది. ఆ ఒక్క రోజును ఆమె అప్పటి నుంచీ పొదుపుగా, కొంచెం కొంచెంగా తలుచుకుంటూ వస్తోంది. ఒకేసారి తలుచుకుంటే అరిగిపోతుందేమోనని ఆమె భయం.

ఇంకొక్క కాంట్రాక్టు, ఆ తర్వాత ఇక్కడే ఉండిపోతానని చెప్పి అక్రమ్ వెళ్ళాడు. మధ్యలో రావలసిన సెలవును కూడా డబ్బుగా మార్చుకున్నాడు, ఒకేసారి వచ్చేస్తా కదా అని. ఆ కాంట్రాక్టు ముగిసింది, ఇంకోటి మొదలైంది, అదీ అయ్యాక వచ్చే ఏడాది తప్పకుండా వచ్చేస్తానన్నాడు. కారు మాత్రం ఇంటి ముందు దిల్షాద్ కుట్టిన ముసుగు కింద నిలబడే ఉంది. పక్కింటి ఓబుళేశు, ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి, అప్పుడప్పుడూ దాన్ని వీధి చివరిదాకా తిప్పి తెస్తాడు. ఏడాదికోసారి సర్వీసుకు తీసుకుపోయేదీ ఆయనే.

శుక్రవారం అక్రమ్‌కు కాస్త తీరిక. నమాజు కాగానే వీడియో కాల్ చేస్తాడు. చేసి, ముందు కారు స్టార్ట్ చేయమంటాడు. ఫోను బానెట్ దగ్గర పెట్టమంటాడు. "ఏసీ ఎయ్యి. స్టీరింగు కొంచెం తిప్పు. ఆ, బాగుండాది" అంటాడు. "తిన్యావా?" అన్న మాట ఆ తర్వాతే. కారుకు ఉన్న పాటి యోగం తనకు లేదని ఆమె ఎన్నిసార్లు మూతి ముడుచుకుందో. కానీ ఇంజను చప్పుడు వినేటప్పుడు అతను కళ్ళు మూసుకుంటాడు. అలా కళ్ళు మూసుకున్న ముఖాన్ని అతనికి తెలియకుండా తనివితీరా చూడొచ్చని, ఆ కాసేపటి కోసం వారమంతా ఎదురుచూసేది.

ఆ శుక్రవారం వారంటీ సంగతి చెప్పింది. అక్రమ్ ఊపిరి కూడా తీసుకోకుండా జవాబిచ్చాడు.

"మూడేండ్లకు తీసుకో మే. ఒక్కొక్క ఏడాదికి కట్టుకుంటా పోతే దండగ. మూడేండ్లకైతే శానా కలిసొస్తాది. రేపు ఏసీ కంప్రెసర్ పోయిందనుకో, అదొక్కటే మనల్ని ముంచుతాది."

"సరే బావా" అంది. అతను పెద్ద చిక్కు విడదీసినవాడిలా హుషారుగా ఇంకో రెండు కబుర్లు చెప్పి పెట్టేశాడు.

మూడేళ్ళు. పొయ్యి మీద అన్నం మాడి వాసన వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. వచ్చే ఏడాది వచ్చేస్తానన్న మనిషి నోటి నుంచి మూడేళ్ళన్న మాట అంత సులువుగా ఎట్లా వచ్చింది? అతను ఇక్కడుంటే ఆ కంప్రెసర్ సంగతేదో తనే చూసుకునేవాడు కదా. ఆమెకు ముప్పై నాలుగు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ పోగేస్తే నిండా ఏడాది కాదు. పిల్లలేమీ లేరా అని అడిగేవాళ్ళకు ఈ సంగతి ఎట్లా చెప్పేది? కంపెనీ కాగితం మీద మూడేళ్ళకు సంతకం పెడితే, ఇంకో మూడేళ్ళు ఇట్లాగే ఉంటానని తన చేత్తో తనే రాసిచ్చినట్టు అనిపించింది. ఆలోచించేకొద్దీ ఆమెకు కారు మీద కాదు, బావ మీదే కోపం వచ్చింది. కోపం వెనకనే అతన్ని చూడాలన్న ఆశ పట్టలేనంతగా పుట్టుకొచ్చింది.

ఓబుళేశును అడిగింది.

"నిలబడిన బండికి వారంటీ ఏంటికి పాపా? తిరిగేదానికి గదా చెడిపోతాదన్న భయం. ఊరికే డబ్బులు పారేసుకోవద్దు" అన్నాడాయన.

కర్నూలుకు ఫోన్ చేసి తల్లిని అడిగింది.

"ఆయప్ప ఎట్ల చెప్తే అట్ల చెయ్యి. బండి కొనింది ఆయప్ప గదా" అంది నబీసా.

ఇద్దరూ కారు గురించే చెప్పారు. వాళ్ళ తప్పేముంది, ఆమె అడిగింది కూడా కారు గురించే కదా. మనసులో ఉన్నది అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

గడువు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఓబుళేశు కారు బయటికి తీశాడు. దిల్షాద్ వెనక కూర్చుంది. పొడిగించే ముందు బండిని ఒకసారి చూడాలని షోరూమ్‌వాళ్ళు చెప్పారు. మెకానిక్కులు బానెట్ ఎత్తి, కింద దూరి, అటూ ఇటూ తట్టి చూశారు. ఓబుళేశు వాళ్ళ వెనకే తిరుగుతూ సలహాలిస్తున్నాడు. లోపల చల్లటి గదిలో ఆ తేనె గొంతు అమ్మాయి, పేరు మధులత అట, కంప్యూటర్ ముందు కూర్చుని అడిగింది.

"ఎన్నేళ్ళకు రాయమంటారు మేడమ్?"

మూడేళ్ళకు అని చెప్పాలనే వచ్చింది. ఆ మాట నాలుక దాటలేదు. "ఒక నిముసం ఉండుమ్మా, ఆయన్నే అడుగు" అని వీడియో కాల్ చేసి ఫోను చేతికిచ్చింది.

అక్రమ్ బడి ముందు కారు నిలబెట్టుకుని యజమాని పిల్లల కోసం చూస్తున్నాడు. కారు మాటలనగానే మనిషికి ప్రాణం లేచొచ్చింది. వారంటీలో గేరుబాక్సు ఉండాదా, కంప్రెసర్ ఉండాదా, వైరింగు ఇస్తారా ఇయ్యరా, ఒక్కొక్కటే అడిగాడు. మధులత ఒక్కొక్కదానికే జవాబు చెప్పింది. దిల్షాద్ పక్క నుంచి అతని ముఖం చూస్తోంది. ఎండ వెలుతురులో అతని గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. శుక్రవారం పూట గదిలో దీపం కింద అవి ఎప్పుడూ కనబడలేదు.

"అయినా పాపా, నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగల్యా. బండి ఇంకా కొత్తదే గదా. ఇప్పుడే వారంటీ ఎట్ల అయిపోతాది?" అన్నాడు అక్రమ్.

"కిలోమీటర్ల ప్రకారం కొత్తదే సార్. కానీ కంపెనీ కిలోమీటర్లూ చూస్తుంది, ఏళ్ళూ చూస్తుంది. ఏది ముందు అయిపోతే అదే లెక్క. మీకు ఏళ్ళు ముందయిపోయాయి."

"నడపకున్నా?"

"నడపకపోయినా అంతే సార్. నిజానికి నడిపే బండే నయం. ఊరికే నిలబెడితే రబ్బర్లు గట్టిపడతాయి, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది. మీ బండికి ఇప్పుడు అవే మార్చాలంటున్నారు. అవి మాత్రం వారంటీలోకి రావు. ఎన్నేళ్ళకు తీసుకున్నా రావు."

ఇరవై ఏళ్ళుగా బండ్లతో బతికే మనిషికి అవన్నీ తెలియనివా? తన బండి విషయంలో మాత్రం, తను వదిలి వచ్చిన రోజు ఎట్లా ఉందో ఇంకా అట్లాగే ఉందని నమ్ముకుని ఉన్నాడు. కారునే కాదు, ఇంటినీ, ఇంట్లో మనిషినీ అట్లాగే అనుకుంటున్నాడని దిల్షాద్‌కు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. మధులత చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఇన్న్యావా బావా?"

"ఇన్న్యా."

"బండి నిలబెడితే దానికి వయసు నిలబడదంట."

"ఊఁ."

"నాకూ నిలబడల్యా."

మెల్లగానే అంది. ఓబుళేశు ఇంకా బయటే ఉన్నాడు. మధులత మాత్రం కంప్యూటర్‌లోకి తల దూర్చేసింది. అక్రమ్ తల తిప్పి బడి గేటు వైపు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వద్దులే మే. తీసుకోవద్దు. ఏ వారంటీ వద్దు. నేనే వచ్చేస్తా."

ఈ మాట కోసం ఆమె ఎంతగా మొహం వాచిపోయిందో చెప్పడం కష్టం. మామూలుగా అతను వస్తాలే అంటాడు, రంజాన్‌కు వస్తాలే, చలికాలానికి వస్తాలే అని. ఆ రాక కోసం దేన్నైనా వద్దనడం ఇదే మొదటిసారి. ఒళ్ళంతా ఒక్కసారి తేలికైపోయింది.

"ఎప్పుడు?" అంది.

అతను నోరు తెరిచాడు. అంతలో ఆ కారు వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, పిల్లల అరుపులు వినబడ్డాయి. "పిల్లోల్లు వచ్చేసినారు మే. మల్లా చేస్తా" అన్నాడు. ఫోను ఆగిపోయింది.

"ఏం చేద్దాం అక్కా?" అంది మధులత. అంతసేపూ మేడమ్ అన్న పిల్ల ఇప్పుడు అక్కా అంది.

దిల్షాద్ అద్దంలోంచి బయట నిలబడిన కారును చూసింది. ఏమీ తీసుకోకుండా లేచి వెళ్ళిపోతే, ఎప్పుడో తెలియని ఆ రాకను పూర్తిగా నమ్మినట్టు. నమ్మి మోసపోతే మళ్ళీ లేచే ఓపిక తనకు లేదు. మూడేళ్ళకు తీసుకుంటే, అక్కడే ఉండమని తనే చెప్పినట్టు. నిజంగా ఎన్నాళ్ళు ఆగగలనని తన్ను తానే అడుక్కుంది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడుక్కోలేదు.

"ఒక్క ఏడాదికి రాయమ్మా."

"ఒక్క ఏడాదికైతే మీకు నష్టమక్కా. రెండేళ్ళకు..."

"తెలుసు. రెండేండ్లకు నేను ఒప్పుకోల్యా."

మధులత మారు మాట్లాడకుండా కాగితాలు ముందుకు జరిపింది. దిల్షాద్ సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, ఫోను తీసి మాట రికార్డు చేసే గుర్తు మీద వేలు నొక్కి పట్టింది.

"బావా, ఒక్క సంవత్సరానికే తీసుకున్నా. నష్టమని తెలిసే తీసుకున్నా. నువ్వు ఎప్పుడు పోతానన్నా నేను నీ ఇష్టం, నీ ఇష్టం అంటాంటి. నాకు ఇష్టం లేదు బావా. ఎప్పుడూ లేదు. ఈ ఏడాదిలోపల రా. ఇంకొక ఏడాది ఇయ్యమని అడిగేదానికి నేను మల్లా ఈడికి రాను."

వేలు తీయగానే మాట వెళ్ళిపోయింది. పంపినదాన్ని అతను వినేలోపు చెరిపేయొచ్చని ఆమెకు తెలుసు. ఓబుళేశు లోపలికొచ్చి పోదామా పాపా అని అడిగేదాకా ఫోను వంక చూస్తూనే ఉంది. చెరపలేదు.