తొమ్మిదో నెలకు మూడు రోజులు

2003 మార్చి నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: పదకొండేళ్ల కాపురం, నిలవకుండా పోయిన రెండు గర్భాలు, శివపార్వతి కడుపులో ఎనిమిదో నెల బిడ్డ.

నేను మిర్చి యార్డులో ఉండగా మా అత్త నల్లపాడు ఇంటి నుంచి ఫోన్ చేసింది, ఉమ్మనీరు కారుతోందని. ఆటోలో గుంటూరు నర్సింగ్‌హోముకు తెచ్చాం. డాక్టర్ జయకుమారి గారు చూసి బయటికొచ్చారు.

"ఉమ్మనీటి సంచికి చిల్లి పడింది. క్రిములు లోపలికి ఎక్కాయి. ఒళ్లు వెచ్చబడుతోంది. ఈ రోజే బిడ్డను తీసేయాలి."

"తొమ్మిదో నెల పడటానికి ఇంకా మూడు రోజులుందండి."

"అయితే?"

నేను అత్త వైపు చూశాను. అత్తే చెప్పింది. "ఏడో నెల బిడ్డయినా బతుకుతాడు గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కడమ్మా. మా అక్కకి అట్లాగే పోయాడు."

"అదేం లెక్కమ్మా? లోపల కుళ్లు మొదలయ్యాక ప్రతి గంటా నష్టమే."

నేను బేరానికి దిగాను. ఎంత బలమైన మందైనా ఎక్కించండి, మూడు రోజులు ఆపండి అన్నాను.

"రామాంజనేయులు గారూ, బస్తా అడుగున బూజు కనబడితే మూతి కుట్టి మూడు రోజులు ఉంచుతారా మీరు?"

ఉంచను. అయినా, నా బాధ్యత మీదే ఆపుతున్నానని కాగితం రాయించి సంతకం పెట్టాను.

"ఏం తేల్చారండీ?" అంది శివపార్వతి.

"ఆగుదాం."

"పొద్దుట్నుంచి వీడు తన్నడం లేదు."

"నిద్రపోతున్నాడులే."

మర్నాడు దుప్పటి సర్దుతుంటే వాసన తగిలింది. గోనె మీద ముక్కు పెట్టి సరుకు చెప్పేవాణ్ణి. ఫినాయిల్ అని సరిపెట్టుకున్నాను.

మూడో రోజు తెల్లారేసరికి శివపార్వతికి చలిజ్వరం. నన్ను చూసి "ఎవరూ?" అంది. చెప్పుల్లేకుండా పరిగెత్తి డాక్టరు గారి కాళ్ల దగ్గర కూలబడ్డాను.

మగబిడ్డ. ఏడవలేదు. గంటన్నర ఉన్నాడు.

"రెండు కిలోల పైనే ఉన్నాడండీ," అన్నారు డాక్టరు గారు. "మొన్న తీసి ఉంటే..."

వరండాలో అత్త తల బాదుకుంటోంది. "చెప్పానా అబ్బాయీ, ఎనిమిదో నెల దక్కదని." వచ్చినవాళ్లంతా అవునన్నారు. నేను కాదనలేదు.

శివపార్వతి దక్కింది. గర్భసంచి దక్కలేదు. వాడి ఆయుష్షుకు నేను కలిపింది రెండు రోజులు, అవీ ఆ కుళ్లులోనే.