కడుపు చూసే మిషన్

నేను ఒక స్కానింగ్ మిషన్‌ను. నాకు కళ్లు లేవు. మనిషి చెవికి అందని చప్పుడును కడుపులోకి పంపి, అది తగిలి తిరిగొచ్చిన తీరును బట్టి తెర మీద బొమ్మ కడతాను. సముద్రం అవతల ఒక కార్ఖానాలో నన్ను తయారు చేశారు. మొదట హైదరాబాదులో ఒక అద్దాల ఆసుపత్రి వాళ్లు కొన్నారు. నాకన్నా కొత్తది రాగానే నేను పాతదాన్నైపోయాను. చెడిపోలేదు, పాతబడ్డాను, అంతే. మనుషుల లెక్కలో ఆ రెండింటికీ పెద్ద తేడా లేదు. అలా మెట్‌పల్లిలో డాక్టర్ వసుంధర గారి చిన్న ఆసుపత్రికి వచ్చి పడ్డాను.

గర్భసంచిలో గడ్డలు చూశాను, అండాశయం మీద నీటి బుడగలు చూశాను. కానీ బియ్యపుగింజంత నలుసులో గుండె మిణుకుమిణుకుమన్నప్పుడల్లా, ఎన్నిసార్లు చూసినా, నాకు మొదటిసారిలాగే ఉంటుంది. ఇంకా చేతులు లేవు, ముఖం లేదు. గుండె మాత్రం పని మొదలెట్టేసింది! ఆడో మగో చెప్పం అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మనుషులు దాన్ని చదివి మరీ అదే అడుగుతారు.

జమునకు అది మొదటి కడుపు. బీడీలు చుట్టే పిల్ల. పక్కన అత్త నర్సవ్వ నిలబడి నా తెరను రెప్పవేయకుండా చూస్తోంది. డాక్టరమ్మ చాలాసేపు వెతికింది. నలుసు ఉంది, మిణుకు లేదు.

"ఇయ్యాల్నే ఏం చెప్ప బిడ్డా. తొందరపడి చెప్పే మాట కాదిది. వారం ఆగి మళ్ల చూద్దాం" అంది.

వారం తర్వాత మళ్లీ వచ్చారు. నలుసు పెరగలేదు, గుండె కదలలేదు. డాక్టరమ్మ తెరను జమున వైపు తిప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"గుండె కొట్టుకుంట లేదు జమునా. ఈ కడుపు నిలవలేదు."

జమున ఏడవలేదు. "బండి మీద మా అమ్మగారింటికి పోయిన మేడం. అందుకేనా?" అంది.

"కాదు."

"బొప్పాయి తిన్న. ఒక్క ముక్కనే."

"దానికీ కాదు. నా మాట విను. మొదట్లనే పోయే కడుపులు శానమట్టుకు బీజం కలిసేటప్పుడే సరిగ కలవక పోతయి. నువ్వు మంచం దిగకుంట పండుకున్నా ఇది ఆగేది కాదు. శానమందికి అయితది, ఎవ్వరు చెప్పుకోరు గంతే. నీ తప్పు లేదు."

తర్వాత ఏం చేయవచ్చో విడమరిచి చెప్పింది. దానంతట అదే పడిపోయేదాకా ఆగవచ్చు, మాత్రలు వాడవచ్చు, లేదంటే ఆసుపత్రిలో చిన్నగా శుభ్రం చేయించుకోవచ్చు. ఏదైనా జమున ఇష్టం. నెత్తురు మరీ ఎక్కువ పోయినా, జ్వరం వచ్చినా, చెడు వాసన వచ్చినా వెంటనే రావాలి. జమున మాత్రలు చాలంది.

అప్పుడు నర్సవ్వ గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది.

"అమ్మా," అంది డాక్టరమ్మతో, "నా కొడుకు కంటె ముందట నాకు రెండు పోయినయ్."

ఆమె జమున వైపు తిరిగింది. "గడ్డిమోపు ఎత్తుకున్ననని మా అత్త అన్నది. నేనే సంపుకున్ననని అన్నది. నలభై ఏండ్లాయె. గా మోపు లేపకుంటె అవి బతికేటియని నేను గూడ అనుకుంటనే ఉన్న."

"మోపుతోని కాదు నర్సవ్వా. నీ తప్పు గూడ లేదు."

జమున బల్ల మీది నుంచి దిగి వచ్చి అత్త పక్కన కూర్చుంది. అంతవరకు రాని ఏడుపు ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది. కడుపులో దాగినదేదైనా చూడగలనని మురిసిన నాకు, నలభై ఏళ్లు ఆమె లోపల మోసినది ఏ కోణంలోనూ కనబడేది కాదు. ఒక్క మాటకు అది బయటపడింది.

మాత్రలు పనిచేశాయి. మళ్లీ చూసినప్పుడు గర్భసంచి శుభ్రంగా ఉంది. ఆ రోజు నర్సవ్వ వెంట మరో ముసలామె వచ్చింది, నడుము వంగిపోయి, చేతిలో కర్ర.

"మా అక్క రాజవ్వ. ఈమెకు గూడ మొదట్లనే ఒక కడుపు పోయింది. ఈమెకేం పరీక్షలద్దమ్మా. నాకు చెప్పినవు గదా, గది ఒక్కసారి చెప్పు సాలు" అంది నర్సవ్వ.

బయట వరండా నిండా జనం ఉన్నారు. అయినా డాక్టరమ్మ తలుపు దగ్గరికి వేయించి, ఆ ముసలామెకు మొదటి నుంచి అంతా చెప్పింది. రాజవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"మరి గా కడుపుల పిల్లకు నొప్పైందా అమ్మా?"

"లేదవ్వా. నొప్పి తెలిసేంత పెరగలే."

రాజవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "గంతే సాలు" అని కర్ర అందుకుని లేచింది. ఆమె గడప దాటేదాకా డాక్టరమ్మ తర్వాతి పేరు పిలవలేదు.