ఉల్టా రీలు

కామారెడ్డి సినిమా హాల్లో స్వామిదాసు ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేశాడు. హాలు మూతపడిన రోజు యజమాని అతనికి ఒక రీలు ఇచ్చాడు. అసలు సినిమాకు ముందు వేసే బొమ్మల రీలు, ఏడు నిమిషాలది. అందులో నక్క కోడిని తరుముతుంది. కోడి గుట్ట అంచున ఆగుతుంది, నక్క ఆగదు. గాలిలోనే నడుచుకుంటూ పోతుంది. కిందికి చూసినప్పుడే పడుతుంది.

ఇప్పుడు స్వామిదాసు ఎల్లారెడ్డిలో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. చేత్తో తిప్పే ప్రొజెక్టర్ పెట్టి, మనవరాలు భాగ్యశ్రీకి ఆ రీలు గోడ మీద చూపిస్తాడు. ఆ పిల్లకు ఐదేళ్లు. నక్క ముందే ఎందుకు పడలేదని ఒకసారి అడిగింది. "కిందికి చూడలే గదా బిడ్డా, అందుకే పడలే" అన్నాడు.

ఆట అయ్యాక రీలు తిరిగి చుట్టనిదే డబ్బా మూయకూడదని ఆపరేటర్ల పద్ధతి. హ్యాండిల్ వెనక్కి తిప్పితే నక్క లోయలోంచి లేచి, గాలిలో వెనక్కి నడిచి గుట్ట చేరేది. దానితో పాటు భాగ్యశ్రీ కూడా గోడ ముందు వెనక్కి నడిచేది. అది వాళ్లిద్దరి ఆట. పేరు ఉల్టా.

శనివారం మధ్యాహ్నం పక్కింటి హన్మవ్వ గడపలోకి వచ్చి, గొంతు పెంచకుండా చెప్పింది.

"దాసన్నా, పిల్ల స్లాబు మీదున్నది. చెక్క ఎక్కింది."

స్వామిదాసు మెట్లెక్కాడు. మీద కొత్త అంతస్తు కడుతున్నారు. మేస్త్రీ సాయిలు అన్నానికి పోయాడు. బయటి గోడకు ప్లాస్టరింగ్ చేయడానికి అతను వేసుకున్న చెక్క, స్లాబు అంచు దాటి గల్లీ మీదికి నాలుగడుగులు పొడుచుకొని ఉంది. లోపలి కొసన రెండు ఇసుక బస్తాలు ఉండాలి. ఒకటే ఉంది. ఆ కొస స్లాబు నుంచి వేలెడు లేచింది.

బయటి కొసన భాగ్యశ్రీ, వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. తల పైకెత్తింది. కింద ఇటుకల కుప్ప. ఆమె కుడికాలు ముందుకు ఎత్తింది.

పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుంది. పరుగెత్తితే చెక్క అదురుతుంది. స్వామిదాసు మెట్ల దగ్గరే ఆగాడు. నాలుకతో ప్రొజెక్టర్ చప్పుడు చేశాడు. కటకట, కటకట.

ఎత్తిన కాలు ఆగింది.

"రీలు అయిపోయింది బిడ్డా. ఉల్టా తిప్పుతున్న."

"నేనింక నడువనే లేదు తాతా."

"డబ్బా మూయాలె. ఉల్టా."

కటకట. కాలు వెనక్కి దిగింది. అతను చప్పుడు ఆపకుండా ఏడడుగులు వేసి, చెక్క లోపలి కొస మీద మోకాళ్లు ఆనించాడు. చెక్క స్లాబుకు తగిలి టక్కుమంది. పిల్ల ఊగింది. చేతులు చాచింది. కింద గల్లీలోకి చేరిన హన్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. స్వామిదాసు చప్పుడు ఆపలేదు.

ఇంకో అడుగు వెనక్కి. ఇంకొకటి. అయిదో అడుగు స్లాబు మీద పడింది. నడుం పట్టుకొని లాక్కున్నాడు.

"కిందికి చూడలే తాతా" అంది భాగ్యశ్రీ. "పడలే. చూసినవా?"

"చూసినా చూడకున్నా పడుతరు బిడ్డా. నేను చెప్పింది తప్పు."

"నేను పడలే గదా" అని నవ్వింది.

సాయిలు వచ్చి చెక్క తీసేశాడు. సాయంత్రం స్వామిదాసు రీలు డబ్బా తెరిచాడు. కత్తెర తీశాడు. హాల్లో ఉన్నన్నాళ్లూ తెగిన రీళ్లు అతికించాడు కానీ, ఏ రీలునూ తానై కోయలేదు. నక్క గాలిలో నడిచే మూడు మూరలు కోసి, రెండు కొసలు కలిపి అతికించాడు.

మర్నాడు ప్రార్థన నుంచి వచ్చాక రీలు వేశాడు. నక్క గుట్ట అంచు దాటింది, దాటగానే పడింది. భాగ్యశ్రీ గోడను చూసింది, తర్వాత తాతను చూసింది.

"తాతా, గాలిల నడిచేది ఏడ పెట్టినవ్?"

ఆ పిల్ల లేచి మెట్ల వైపు చూసింది. స్వామిదాసు హ్యాండిల్ వదిలేసి, మెట్ల తలుపుకు గడియ ఉందో లేదో చూడడానికి లేచాడు.