చొక్కా మీద ఎర్ర మరక

మా ఆయన నిన్న వేసుకున్న చొక్కాకి సబ్బు రుద్దుతుంటే, జేబు దగ్గర ఎర్రటి మరక తేలింది. లిప్‌స్టిక్కే! నాకు ఒళ్లు మండిపోయింది. ఈమధ్య ఆఫీసు నుంచి ఆలస్యంగా రావడం, ఆకలి లేదంటూ ముసుగుతన్ని పడుకోవడం చూసి అప్పుడే అనుకున్నాను.

తడి చొక్కా తీసుకెళ్లి ఆయన ముందు పడేసి, ఎవరి లిప్‌స్టిక్ ఇది అని నిలదీశాను.

మా అమ్మాయి వచ్చే నెల పదో తరగతిలో చేరుతుంది. అక్కడ తెల్లమొహం వెయ్యకూడదని సెలవుల్లోనే కెమిస్ట్రీ మొదటి పాఠాలు చదువుకుంటోంది. అది గబగబా నిమ్మచెక్క తెచ్చి మరక మీద పిండింది. చూస్తుండగానే ఎరుపు పోయి పచ్చగా మారింది.

"లిప్‌స్టిక్కూ లేదు, పాడూ లేదు. ఇది పసుపమ్మా! సబ్బులో క్షారం తగిలి ఎర్రబడింది, నిమ్మరసంలో ఆమ్లం తగిలి మళ్లీ మామూలైంది. ఏదో కూర ఒలికింది, అంతే. నాన్నని ఊరికే ఆడిపోసుకోకు."

ఆయన ముఖం చాటంత అయింది. కూతురి తల నిమిరారు.

"పసుపే, ఒప్పుకున్నాను," అన్నాను. "ఇంట్లో పసుపు నిండుకుంది, తెమ్మని మీకు చెప్పి వారమైంది. మీరింకా తేలేదు. హోటల్ తిండి మీకు పడదు. మరి నిన్న ఎవరి చేతి వంట తిన్నారు?"

ఆయన చెయ్యి అమ్మాయి తల మీదే ఆగిపోయింది.