ఐదు చుక్కలు

గురువారం మధ్యాహ్నం పన్నెండులోగా రీహామ్ లాప్‌టాప్ మీద ఆ సాఫ్ట్‌వేర్ నడవాలి. ఎవరి సాయమూ లేకుండా నడిపిస్తే అలెగ్జాండ్రియా వరద అంచనా పనికి ఆమే నాయకురాలు. లేకపోతే పక్క బల్ల షుక్రీ. విభాగం అధిపతి డాక్టర్ నగ్వా ఆదివారం చెప్పిన మాట అది.

పదుల కంప్యూటర్లు పంచుకునే లెక్కను ఒక్కదానిచేతే చేయించే సాఫ్ట్‌వేర్. ముందు ఒక ప్రోగ్రామ్ వాన లెక్కను ముక్కలుగా చేసి ఫోల్డర్‌లో పెడుతుంది. తర్వాత ఇంకొకటి వాటిని ఏరి కలుపుతుంది. మొదటి సగం సాఫీగానే జరుగుతోంది. రెండో సగంలో ఎర్ర అక్షరాలు: 00000 నంబరు ముక్క దొరకలేదు.

ఫోల్డర్ తెరిస్తే ముక్కలన్నీ వరసగా ఉన్నాయి. సున్నా, ఒకటి, రెండు, మూడు.

"మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యి," అన్నాడు షుక్రీ, ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్ శాండ్‌విచ్ నములుతూ.

"రెండుసార్లు చేశాను."

"మూడోసారి చెయ్యి, ఇంజినీరమ్మా. యంత్రాలకీ ఆడవాళ్ళకీ ఒకసారి చెబితే ఎక్కదు."

"మీకీ గొడవ రాలేదా?"

"నాకా? ఎప్పుడూ రాలేదు."

చేసింది. మూడు గంటలు పోయాయి. అవే ఎర్ర అక్షరాలు.

గురువారం పదిన్నరకు ఆ వాక్యాన్నే నెట్‌లో వెతికితే పాత చర్చ ఒకటి దొరికింది. మూడేళ్ళ కిందటి ప్రశ్న, అచ్చంగా ఆమె కష్టమే. కింద అడిగినవాడే రాసుకున్న జవాబు: "సరైపోయింది. ధన్యవాదాలు." ఎలా సరైందో లేదు. అడిగినవాడి పేరు షుక్రీ అద్లీ.

కుర్చీ తిప్పింది. "ఇది మీరే కదా? ఎప్పుడూ రాలేదన్నారు?"

షుక్రీ టీ గ్లాసు దించలేదు. "మూడేళ్ళయింది తల్లీ. పొద్దున ఏం తిన్నానో అడుగు, అదీ గుర్తులేదు."

ఇక అతణ్ణి అడగలేదు. ఎర్ర వాక్యాన్నీ ఫోల్డర్‌నూ పక్కపక్కన పెట్టి, చదవడం మానేసి ఊరికే ఆకారాలు చూసింది. వాక్యంలో ఐదు గుండ్రాలు. ఫోల్డర్‌లో మొదటి ముక్క పేరులో ఐదు చుక్కలు.

అరబీ సున్నా అంటే చుక్కే. బడికెళ్ళిన మొదటిరోజు నుంచీ చదువుతున్న అంకె గనుకనే కన్ను దానిమీద ఆగలేదు. అరబీ రానివాడైతే నిమిషంలో పట్టుకునేవాడు. ఆమె లాప్‌టాప్ భాష అరబీ. మొదటి ప్రోగ్రామ్ ఆ అంకెలతో పేర్లు పెడుతుంటే, రెండోది ఇంగ్లీషు అంకెల కోసం వెతుకుతోంది.

సెట్టింగ్స్‌లో ఈజిప్టు తీసేసి అమెరికా పెట్టింది. పదకొండూ నలభైకి వరద పటం తెరమీద పరుచుకుంది.

లాప్‌టాప్ ఎత్తుకుని నగ్వా గదికి వెళ్ళింది.

"భేష్," అంది నగ్వా. "దగ్గరుండి దారి చూపిస్తున్నానని షుక్రీ నిన్ననే చెప్పాడు."

"ఆయన నాకేమీ చూపించలేదు, డాక్టర్. తప్పు ఎక్కడుందో ఆయన్నే పిలిచి అడగండి."

పిలిచింది. షుక్రీ తడుముకోలేదు. "అరబీ అంకెలు, డాక్టర్. దేశం మారిస్తే పోతుంది."

రీహామ్ లాప్‌టాప్‌లో ఆ పాత చర్చ తెరిచింది. "తెలిసే నాలుగు రోజులు నాకు చెప్పలేదు. మూడేళ్ళ కిందట ఆయనే నెట్‌లో అడిగాడు, చూడండి!"

నగ్వా చూసింది. "మూడేళ్ళ కిందటే కనిపెట్టాడన్నమాట. చెప్పకపోతే నీకెలా తెలిసింది? సాయం చేసినవాడి మీద నింద వేయకు. ఈ పనికి అతనే నాయకుడు, అతని కింద పని నేర్చుకో."

బల్ల దగ్గరికొచ్చి ఆ పాత చర్చ తెరిచింది. షుక్రీ ధన్యవాదాల కింద రాయడం మొదలుపెట్టింది: కారణం ఏమిటో, ఏ సెట్టింగ్ ఎక్కడుందో, ఏం నొక్కాలో.

"ఏం రాస్తున్నావ్?" వెనకనుంచి షుక్రీ.

"మీరు సగంలో వదిలేసిన జవాబు."

"ఎవరు చదువుతారు దాన్ని?"

"నాలాంటివాళ్ళు ఎవరో ఒకరు."

అతను నవ్వాడు. "సరే, అయ్యాక ఆ పటం నాకు పంపు. పైన నా పేరుండాలి."

ఆమె తన పేరు రాసి జవాబు పంపింది. తర్వాత పటం తెరిచి, పైన అతని పేరు టైపు చేసింది.