కుదరదని చెప్పే పాఠం

ప్రతి ఫిబ్రవరిలో కొత్త విద్యార్థులు రాగానే మా సువా యూనివర్సిటీ పెద్ద హాల్లో సురుజ్ వతి మేడమ్ మైకు పట్టుకుంటుంది. టోంగా, సమోవా, తువాలు, కిరిబాస్ దీవుల పిల్లలు ప్రయాణపు బడలికతో జోగుతూ కూర్చుంటారు. మైకు కీచుమనకుండా చూడటం నా పని. ఏటా వినీ వినీ ఆ ఉపన్యాసం నాకు నోటికి వచ్చేసింది.

"బస్సు కార్డు లేకపోతే డ్రైవరు ఎక్కనివ్వడు. బతిమాలకండి, వాడు నాకంటే మొండివాడు. సువాలో వాన ఆగాక బయల్దేరదాం అనుకుంటే డిగ్రీ అయ్యేదాకా గదిలోనే ఉంటారు. తడి బట్టలు పెట్టెలో కుక్కకండి, బూజు పడుతుంది. బకెట్లలో నీళ్ళు నిలవుంచకండి, దోమలొస్తాయి. తుఫాను హెచ్చరిక వస్తే సముద్రం చూడ్డానికి పోకండి. అదే మిమ్మల్ని చూడ్డానికొస్తుంది."

ఇక్కడ పిల్లలు నవ్వుతారు. ఆవిడ నవ్వదు.

"ఇప్పుడు అసలు సంగతి. గదిలో బయటివాళ్ళు మూడుసార్లు దొరికితే గది పోతుంది. గదిలో పడుకుంటానని, అన్నం కుక్కరు ఇమ్మని, చొక్కా ఇమ్మని మీవాళ్ళే వస్తారు. కుదరదు అని చెప్పండి. ఒక్క మాట. చచ్చిపోరు."

ఆ విద్యలో ఆవిణ్ణి మించినవాళ్ళు సువాలో లేరు. పెళ్ళి చేసుకుంటామని వచ్చినవాళ్ళకు కుదరదంది. ఇంట్లో వాటా అడిగిన తమ్ముడికి కుదరదంది. విద్యార్థుల బాగోగులు చూసే ఆఫీసులో నేను ఆవిడ ఎదుటి బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి, ఇంటి దగ్గర కంచె పక్కవాణ్ణి. గడ్డి కోసే మిషను ఒక్క పూట అడిగితే "నీది నువ్వు కొనుక్కో విజేందర్" అంది. ఆ కోపం నాకింకా పోలేదు.

ఆ ఏడాది ముందు వరసలో కూర్చుని ప్రతి మాటకూ తలూపినవాడు బౌరో. కిరిబాస్‌లో ఎక్కడో చివర ఉన్న దీవి నుంచి వచ్చాడు. మనిషి తలుపంత వెడల్పు, గొంతు మాత్రం పక్కవాడికి కూడా వినపడదు. చేపల చదువు చదవడానికి వాళ్ళ ప్రభుత్వం పంపింది. ప్రభుత్వం హాస్టలు గదికి తప్ప ఇంకో గదికి డబ్బివ్వదు. గది పోతే చదువు పోయినట్టే, తర్వాతి విమానానికి ఇంటికి పోవలసిందే.

నెల తిరక్కముందే హాస్టలు వార్డెన్ సెరేమాయా మా ఆఫీసుకొచ్చాడు. తడిసిన గొడుగు నా కాగితాల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"సురుజ్, మీ కిరిబాస్ కుర్రాడి గదిలో అయిదుగురు నిద్రపోతున్నారు."

"అతన్ని పిలిచి తిట్టలేకపోయావా?"

"తిడదామనే వెళ్ళాను. గదిలో ఉన్న అయిదుగురిలో అతను లేడు. బట్టలుతికే మిషను పక్కన, నేల మీద పడుకున్నాడు. తన మంచం, దుప్పటి అన్నీ వాళ్ళకిచ్చేశాడు. ఎందుకురా అంటే, 'అడిగారు సార్' అన్నాడు."

కిరిబాస్‌లో దాన్ని బుబుసి అంటారు. బంధువు వచ్చి నోరు తెరిచి ఒకటి అడిగితే ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే అడిగినవాడికి కాదు, కాదన్నవాడికి తలవంపులు. ఎవరు పడితే వాళ్ళను అడగరు. అడిగారంటే నిన్ను తమ మనిషి అనుకున్నట్టు. ఇవాళ అడిగినవాణ్ణి రేపు నువ్వూ అడగొచ్చు.

"మాకూ ఇలాంటిదే ఉంది, కెరెకెరే అని," అన్నాడు సెరేమాయా. "మా పిన్ని కొడుకు నా పడవ అడిగి పట్టుకెళ్ళాడు, ఇప్పటికీ నది మీద వాడే తిప్పుతున్నాడు. కానీ హాస్టలు నా పిన్ని కొడుకు కాదు. ఇది మొదటిసారి. మూడోసారి దొరికితే గది ఖాళీ చేయిస్తాను. ముందే చెప్తున్నా."

అలా పాఠాలు మొదలయ్యాయి. క్లాసులయ్యాక బౌరో వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడేవాడు. నేను ఫైళ్ళు చూస్తున్నట్టు నటిస్తూ వినేవాణ్ణి.

"నేను మీ పిన్నమ్మ కూతుర్ననుకో," అంది సురుజ్ మొదటిరోజు. "బౌరో, నీ చొక్కా బాగుంది. నాకియ్యి."

బౌరో గుండీలు విప్పడం మొదలెట్టాడు.

"ఆగు! కుదరదు అనాలి."

"మీరు అడిగారు కదా మేడమ్."

"ఉత్తుత్తినే అడిగానయ్యా. పాఠం ఇది."

"అవును మేడమ్," అని చొక్కా మడతపెట్టి ఆవిడ బల్ల మీద పెట్టి, వట్టి బనీనుతో వానలో వెళ్ళిపోయాడు. మర్నాడు పాఠంలో గొడుగు పోయింది. ఆ మర్నాడు చెప్పులు పోయాయి. ఆవిడ వెనకనుంచి అరుస్తూ వరండా చివరిదాకా పరుగెత్తింది. పదేళ్ళలో ఆవిడ పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. వస్తువులు ఆవిడ తిరిగిచ్చినప్పుడల్లా బౌరో వాటిని అయిష్టంగా తీసుకునేవాడు, ఎవరో తన ముఖం మీద తలుపు వేసినట్టు. నాకప్పుడు అర్థం కాలేదు. సురుజ్‌కీ అర్థం కాలేదు.

"మట్టిబుర్ర," అంది నాతో.

"నాకైతే మొదటిరోజే వచ్చేసింది దీదీ," అన్నాను. "మీరు గడ్డి మిషను దగ్గర నేర్పారుగా."

"పని చూసుకో."

ఇలా చాలా రోజులు సాగాక, ఒక సాయంత్రం ఆవిడ కలం అడిగింది. బౌరో నుదుటి మీద చెమట పట్టింది. కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"కుద... రదు," అన్నాడు.

సురుజ్ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. బౌరో బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు, మేము తలుపులు మూసే వేళకు తిరిగొచ్చాడు. ఎక్కడ సంపాదించాడో, రెండు కలాలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి, "క్షమించండి మేడమ్" అని తల వంచుకుని పోయాడు.

రెండోసారి అతని గదిలో ముగ్గురు దొరికారు. తగ్గారు కదా, పాఠం పనిచేస్తోంది అని సురుజ్ సెరేమాయాతో వాదించింది. అతను నవ్వి, రెండు వేళ్ళు చూపించి వెళ్ళాడు.

మూడోసారి దొరికింది పసిపిల్ల. బౌరో పెద్దమ్మ కొడుకు రూకా, అతని పెళ్ళాం, ఊపిరి సరిగా ఆడని బిడ్డను సువా ఆసుపత్రిలో చూపించడానికి వచ్చారు. ఆసుపత్రివాళ్ళు రోజూ తీసుకురమ్మన్నారు, ఉండటానికి చోటు చూపలేదు. గది అడిగారు. బౌరో ఇచ్చాడు. రాత్రిళ్ళు బిడ్డ దగ్గు వరండా అంతా వినిపిస్తుంటే ఇక వార్డెన్ ప్రత్యేకంగా వెతకడమెందుకు? బిడ్డ కుదురుకుని వాళ్ళు విమానమెక్కేదాకా సెరేమాయా వినపడనట్టే తిరిగాడు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు గదికి తాళం వేశాడు. శుక్రవారం మా ఆఫీసుకొచ్చి చెప్పినప్పుడు మాత్రం కుర్చీలో కూర్చోలేదు.

"నన్నలా చూడకు సురుజ్. గది కోసం ఇరవైమంది కాచుక్కూర్చున్నారు. వాళ్ళకేం చెప్పను?"

నియమం సురుజ్‌కి తెలుసు, దాన్ని మైకులో చదివేది ఆవిడే.

ఆదివారం మధ్యాహ్నం నేను ఆవిడ వరండా చూరు కింద నిచ్చెనెక్కి నీటిగొట్టం బాగుచేస్తున్నాను. ఆవిడ అడిగింది, నాకు కుదరదనడం చేతకాలేదు. గేటు చప్పుడైంది. బౌరో. ఒక సంచీ, చుట్ట చుట్టిన ఒక చాప. వానలో తడుస్తూ మెట్ల కిందే నిలబడ్డాడు.

"మేడమ్, బుబుసి కోసం వచ్చాను," అన్నాడు. ఆ రోజు అతని గొంతు నా నిచ్చెన పైదాకా స్పష్టంగా వినిపించింది. "మీరు నన్ను చొక్కా అడిగారు. గొడుగు, చెప్పులు, కలం అడిగారు. నేనెప్పుడూ మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఆ కిటికీలో కుట్టుమిషను కనిపిస్తున్న గది ఇవ్వండి. చదువయ్యేదాకా."

నాకప్పుడు తెలిసింది. ఆవిడ పాఠం చెప్తున్నాననుకుంది. అతను మాత్రం ఈ ఊళ్ళో ఒక మనిషి తనను సొంతమనిషిలా అడుగుతోందని అనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడ అతని వస్తువులు తిరిగిచ్చినప్పుడల్లా ఆ చుట్టరికాన్నే తిరిగిచ్చింది. అయినా మర్నాడు మళ్ళీ అడిగేది కాబట్టి అతను సర్దుకున్నాడు.

సురుజ్ కుర్చీలోంచి లేవలేదు. ఏళ్ళ తరబడి అలవాటైన మాట, ఆలోచించకముందే బయటికొచ్చేసింది.

"కుదరదు బౌరో."

అతని ముఖం వెలిగింది. నిజంగానే.

"ఎంత బాగా అన్నారు మేడమ్! కళ్ళు కూడా దించలేదు. నాకెప్పటికీ రాదు." సంచీ భుజం మార్చుకుని, క్లాసులో నిలబడ్డట్టు నిలబడ్డాడు. "తర్వాత?"

"తర్వాతేంటి?"

"కుదరదన్నాక, అడిగినవాడు ఎక్కడికి వెళ్ళాలి? ఆ పాఠం మీరు చెప్పలేదు."

ఎగతాళి అయితే బాగుండేది. ఆవిడ తిట్టి పంపేది, నేను దిగి గేటు తీసేవాణ్ణి. కానీ అతను తెలియకే అడిగాడు. వాళ్ళ దీవిలో ఆ ప్రశ్న రాదు. కుదరదన్న మాట విని ఒక గుమ్మం ముందు నుంచి వెనక్కి తిరగడం అతనికి జీవితంలో మొదటిసారి. వెళ్ళడానికి సిద్ధంగానే ఉన్నాడు, ఎటో చెబితే చాలు.

పెళ్ళాడతామని వచ్చినవాళ్ళు, తమ్ముడు, నేను, అందరమూ కుదరదు అనిపించుకుని ఎటో ఒకవైపు వెళ్ళాం. ఎటు వెళ్ళామో సురుజ్ ఒక్కసారీ అడగలేదు. ఆవిడ ముఖం నల్లబడింది. సిగ్గుపడుతోందని నాకు అర్థమైంది. చూడలేక గొట్టం వైపు తిరిగాను. నాకు ఆవిడ మీద జాలి వేసింది. గడ్డి మిషను సంగతి కాసేపు మర్చిపోయాను.

"అది నాకూ తెలీదు," అంది చివరికి.

బౌరో మర్యాదగా తలూపి, గేటు వైపు తిరిగాడు.

"ఎక్కడికి?" అరిచింది సురుజ్.

"తెలీదన్నారుగా మేడమ్."

"వానలో ఎక్కడికయ్యా, మట్టిబుర్ర! ఇటు రా. చెప్పులు అక్కడ విప్పు. ఆ చాప చూరు కింద ఆరెయ్యి. విజేందర్, దిగి కుట్టుమిషను ఒక పక్క పట్టు."

నేను దిగాను. బౌరో మెట్లెక్కాడు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి వేలు చూపించింది.

"ఒక్క మాట. మీ వాళ్ళెవరూ ఇక్కడికి రాకూడదు. అన్న, తమ్ముడు, పెద్దమ్మ కొడుకు, ఎవరూ. ఎవరడిగినా ఏం చెప్తావు?"

"కుదరదు అని చెప్తాను మేడమ్."

అదే ముఖంతో అతను సెరేమాయాకి ఎన్నిసార్లు మాటిచ్చాడో ఆవిడకు తెలుసు. అతని ముఖంలోకి కాసేపు చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"ఆ పెద్ద దుప్పట్లు కూడా తియ్యి విజేందర్," అంది నాతో. "ఒకటి చాలదు."