మూరెడు లోతు

బహుధాన్య నామ సంవత్సర వైశాఖంలో, కమలాపురం దాపున తన నల్లరేగడి చేలో గరిక వేళ్లు పెకలించడానికి తిమ్మారెడ్డి ఇనుప ట్రాక్టరును రప్పించాడు. ఇరవై ఏండ్లుగా ఎద్దుల మడకతో ఆ చేను దున్నుతున్న ఈరప్ప, సంతలో ఎద్దును పరీక్షించినట్లు దాని చుట్టూ తిరిగాడు.

డ్రైవరు దాసన్న వర్ణన అందుకున్నాడు. "ఇరవై గుర్రాల బలమప్పా! ముందు పెట్రోలు తాగి మేలుకుంటాది, కాగినాక కిరసనాయిలుతోనే నడుస్తాది. ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి. చక్రాలకు రబ్బరు లేదు, ఈ ఇనుప పండ్లే."

"మేత మిగిలె సరే, పేడ ఎవురేస్తారప్పా?" అన్నాడు గుంపులో ఒకడు. అందరూ నవ్వారు.

ఈరప్ప నవ్వలేదు. "మడక ఎంత లోతు దిగుతాది?"

"మూరెడు. నీ కొయ్యమడక జానెడన్నా దిగుతాదా?"

ఈరప్ప తూర్పు కొసకేసి చూశాడు. ఏడేండ్ల క్రితం, కరువు నాళ్లలో, అహోబిల నారసింహుని మొక్కుతో పుట్టిన అతని కూతురు ఓబులమ్మ పండ్లయినా రాకముందే కన్ను మూసింది. అంతటి పసికందును దహించరాదు, పూడ్చాలి. కలుపు తీస్తూ కన్నతల్లి చూసుకుంటుందని, రెడ్డికి చెప్పకుండా, చేని తూర్పు కొసనే పూడ్చాడు. రాయిలా బిగిసిన నేలలో గడ్డపార మూరెడుకు మించి దిగలేదు. ఏటా ఆ చోటికి రాగానే మడకను రెండు చేతులా ఎత్తి, దాటించి, మళ్లీ దించేవాడు.

"దాసన్నా, ఆ తూర్పు కొసన రవంత పక్కకు తిప్పుకోని పోలేవా?"

"ఎద్దనుకుంటివా, తోక మెలేస్తే తిరిగేదానికి? దీనికి పది బారల చోటు కావాల. రేపు పొద్దున మొదలు, ఆ కొసదాకా దున్నాల్సిందే."

ఆ సాయంకాలమే ఈరప్ప, భార్య సిద్దమ్మ వెళ్లి తవ్వారు. గడ్డపార పక్కన పెట్టి, కడకు వేళ్లతోనే కెలికారు. ఎముక లేదు, మొలతాడు పోగైనా లేదు.

"ఏమీ లేదే. అంతా మన్నే," అన్నాడతడు.

"మన్నే అయితే మన్నే తే." సిద్దమ్మ చెరగు పట్టింది.

ఆ మూటను తాను అందుకోబోయి, "బరువుగా ఉండాదే," అన్నాడు.

"ఏడేండ్ల పిల్ల కాదా?" అని ఆమె ఇవ్వలేదు. పాపఘ్ని ఏటి ఒడ్డుదాకా తానే మోసింది.

తెల్లవారాక యంత్రం గర్జించింది. హిరణ్యాక్షుడు భూదేవిని చాపగా చుట్టినట్లు నేల పొరలు పొరలుగా తిరగబడింది. గరిక ఏరుతూ వెనుకే నడుస్తున్న ఈరప్ప తూర్పు కొస చేరాడు. అక్కడ ఇక దాచవలసినది ఏదీ లేదు. అయినా, మడక పట్టని ఆ రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచాయి.